రాయలవారు ఎవరివారు?



మాది బళ్ళారి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో రెండూ కలగలిపి మాట్లాడుకునే ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి. బళ్ళారి, మిగిలిన తాలూకాలు మైసూరులో చేరాయి. మనుషులు మాత్రం ఉన్నచోటే ఉండిపోయారు. ఆ ఉండిపోయిన కుటుంబాల్లో మాదొకటి.

మా పక్కింట్లో ఒక అమ్మాయి ఉంది. పదో తరగతి. ఒకనాటి సాయంత్రం చేతిలో ఫోను పట్టుకుని, మొహం కందగడ్డలా చేసుకుని వచ్చింది.

"తాతా, మన రాయలవారు తెలుగువాడు కాదంట గదా?"

"ఎవరన్నారమ్మా?"

"బళ్ళో నా పక్క బెంచీ పిల్ల. ఇదిగో, దీంట్లో కూడా అట్లే రాసుండారు అంటుంది. నేను చూస్తే అట్లా లేదు. ఇంగో తూరి చూస్తే ఇంగో తీరుగా ఉంది."

అదేమి వింత పుస్తకమో, చూసినప్పుడల్లా మారిపోవడమేమిటో అని మీలో కొందరికైనా అనిపించవచ్చు. ఆ పుస్తకం పేరు వికీపీడియా. అంతర్జాలంలో ఉండే విజ్ఞాన సర్వస్వం. 2001 జనవరి 15న ఇంగ్లీషులో మొదలైంది. మన పొరుగున ఒడియాలో 2002లోనే ఆరంభమైతే, తెలుగులో 2003 డిసెంబరులో వచ్చింది. దానికి జీతం తీసుకునే సంపాదకవర్గం లేదు. చదివేవాడే దిద్దవచ్చు, దిద్దినదాన్ని మరొకరు చెరిపివేయవచ్చు. ప్రతి మార్పూ తేదీతో, వేళతో సహా చరిత్రగా నిలిచి ఉంటుంది. ప్రతి వ్యాసం వెనుకా ఒక చర్చాపేజీ ఉంటుంది. వ్యాసం వీధిగుమ్మం అనుకుంటే చర్చాపేజీ పెరటిగుమ్మం. ఇంటి తగవులన్నీ అక్కడే వినిపిస్తాయి. తెలుగు వికీపీడియాలో అందరూ చేరి మాట్లాడుకునే చోటికి రచ్చబండ అనే పేరు పెట్టుకున్నారు. పెట్టినవారికి మన పల్లెలు బాగా తెలుసునన్నమాట.

ఈనాడు మీతో చెప్పదలచుకున్నది ఆ పెరటిగుమ్మం సంగతే. మన ప్రాంతాల చరిత్ర మీద అక్కడ జరిగే తగవులు ఎలాంటివి, వాటిని ముక్కూమొహం తెలియని స్వచ్ఛంద సంపాదకులు ఎలా తీరుస్తారు, ఆ తీర్పు వల్ల మనలాంటి సరిహద్దు తెలుగువారికి ఒరిగేదేమిటి అన్నది.

మనవారికి విజ్ఞాన సర్వస్వం కొత్త కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు నూరేళ్ళ కిందటే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. ఆయన చదువు నాగపూరులో సాగింది; మరాఠీలో కూడా రచనలు చేసిన పండితుడు. అంటే తెలుగువారికి తొలి విజ్ఞాన సర్వస్వం ఇచ్చినాయన మనలాగే పరభాష నడుమ పెరిగినవాడు. ఆ పని ముగియకుండానే 1923లో ఆయన కన్నుమూస్తే, బొంబాయిలో 1908లో ఆంధ్రపత్రిక ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దాన్ని తిరిగి చేపట్టారు. ఆ పుస్తకాలకు సంపాదకుని పేరే పూచీ. లక్ష్మణరావుగారు రాశారంటే జనం నమ్మేవారు. ఇప్పుడీ కొత్త సర్వస్వంలో పేరున్నవాళ్ళూ లేరు, పూచీ పడేవాళ్ళూ లేరు. మరి దేన్ని చూసి నమ్మాలి? తగవంతా అక్కడే పుడుతుంది.

ఇక రాయలవారి దగ్గరికి వద్దాం. విజయనగరం స్థాపన సంప్రదాయంగా 1336లో అని చెబుతారు. స్థాపించినవారు సంగముని కొడుకులు హరిహర, బుక్కరాయలు. వారెక్కడివారు? ఒక వాదం ప్రకారం వారు ఓరుగల్లులో ప్రతాపరుద్రుని కొలువులో ఉండి, 1323లో ఆ రాజ్యం పడిపోయాక కంపిలి చేరి, 1327లో కంపిలి కూడా కూలినప్పుడు ఢిల్లీ సైన్యానికి చిక్కినవారు. మరో వాదం ప్రకారం వారు హొయ్సళ మూడవ బల్లాలుని ఉత్తర సరిహద్దు కాచిన అధికారులు. 1900లో రాబర్ట్ సూయల్ రాసిన పుస్తకంలోనే ఇలాంటి కథలు అనేకం పోగుపడి ఉన్నాయి. తరువాత నేలటూరి వెంకటరమణయ్యగారు తెలుగు పక్షాన గట్టిగా వాదించారు. 1933లో వచ్చిన ఆయన పుస్తకం ఈ చర్చలో ఇప్పటికీ పేర్కొంటారు. ఫాదర్ హీరాస్, సాలెతూరు వంటివారు కర్ణాటక పక్షాన వాదించారు.

ఆ పుస్తకాల సంవత్సరాలను ఒకసారి గమనించండి. మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో 1913లో జరిగింది. ఆలూరు వెంకటరావుగారి 'కర్ణాటక గతవైభవ' 1917లో వచ్చింది. విజయనగరానికి ఆరు వందల ఏళ్ళు నిండాయని 1936లో ధార్వాడ నుంచి స్మారక సంచిక వెలువడింది. ఇటు ఆంధ్ర రాష్ట్రం కావాలని, అటు కర్ణాటక ఏకీకరణ జరగాలని ఉద్యమాలు సాగుతున్న రోజులవి. పండితులు శాసనాలను నిజాయితీగానే చదివారు. కాని ఏ ప్రశ్న వేసుకుని చదవాలో కాలం వారి చెవిలో చెప్పింది. రాయలవారు బతికున్న రోజుల్లో ఆయన్ను "నీ మాతృభాష ఏమిటి?" అని అడిగినవాడు ఉన్నాడని నేననుకోను. తరువాతి చరిత్రకారుల్లో హెర్మన్ కుల్కే, ఫిలిప్ వాగనర్ వంటివారు ప్రశ్ననే మార్చారు. ఈ పుట్టుక కథలు ఎప్పుడు అల్లుకున్నాయి, ఎవరికి అవసరపడి అల్లుకున్నాయి అని అడిగారు.

ఇక నా సంగతి చెప్పుకోవాలి. ఆ అమ్మాయి చూపించిన రాత్రే నేనూ ఇంగ్లీషు వ్యాసంలోకి వెళ్ళి ఒక వాక్యం చేర్చాను. రాయలవారి మాతృభాష తెలుగు, అందుకు ఆముక్తమాల్యదే సాక్ష్యం అని. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, నన్నడిగేవాడెవడు అనే ధీమా. తెల్లారేసరికి వాక్యం లేదు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశారు. మూడోసారి పెట్టాక నా పేరు మీద ఒక హెచ్చరిక వచ్చి కూర్చుంది. ఒకే పేజీలో ఇరవై నాలుగు గంటల్లోపు మూడుసార్లకు మించి ఎదుటివారి మార్పును తిరగగొట్టేవారిని ఆ పూటకు దిద్దకుండా ఆపేస్తారట. తప్పొప్పులతో దానికి నిమిత్తం లేదు. నీది నిజమే అయినా నాలుగోసారి పెడితే ఆపుతారు. అంతకు లోపే మూడుసార్లతో సరిపెట్టుకున్నా, పట్టుదల చూసి ఆపినా ఆపవచ్చు. ఈ వయసులో బెంచీ మీద నిలబెట్టినట్టయింది నాకు.

కోపంతో చర్చాపేజీకి వెళ్ళాను. అక్కడ ఒక సంపాదకుడు, ఆయన కన్నడిగుడో, తమిళుడో, తెలుగువాడేనో నాకీనాటికీ తెలియదు, మర్యాదగానే ఒక ప్రశ్న వేశాడు. మీరు చెప్పిన ఆముక్తమాల్యద అవతారికలోనే, శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు కలలో కనిపించిన ఘట్టంలో, దేవుడు తనను తెలుగురాయడినని చెప్పుకుని, ఎదుట ఉన్న రాజును కన్నడరాయా అని సంబోధిస్తాడు గదా, దాన్ని మీరేం చేస్తారు అని.

శ్రోతలారా, ఆ పద్యం నాకు కంఠస్థం. ఎన్నిసార్లు చదివి వినిపించానో లెక్కలేదు. దాని తరువాతి పద్యాన్ని, తెలుగును మెచ్చుకునే పద్యాన్ని, గొంతెత్తి చదివేవాణ్ణి. ముందున్న సంబోధన దగ్గర మాత్రం ఆగలేదు. ఆగాలని తోచలేదు.

అంటే రాయలు కన్నడిగుడని ఆ సంపాదకుడు అన్నాడా? అదీ అనలేదు. ఆ సంబోధన కన్నడ రాజ్యానికి ఏలిక అనే అర్థంలో కావచ్చు, మరొకటి కావచ్చు. దానికి అర్థం తేల్చే పని నాదీ కాదు, మీదీ కాదు, ప్రచురితమైన పుస్తకంలో ఏ చరిత్రకారుడు ఏమన్నాడో అది రాద్దాం అన్నాడు.

వాళ్ళ పద్ధతి మొత్తం ఈ మాటలోనే ఉంది. వాళ్ళకు ముఖ్యమైన నియమాలు మూడు. రాసిన ప్రతి సంగతికీ చదువరి వెళ్ళి సరిచూసుకోగల ప్రచురిత మూలం ఉండాలి. సొంత పరిశోధన కూడదు. శాసనాన్నో కావ్యాన్నో తానే చదివి తానే తీర్పు చెప్పకూడదు. మూడోది తటస్థత. ఈ తటస్థతను చాలామంది చెరిసగం పంచడం అనుకుంటారు. అది కాదు. నిపుణుల్లో ఎక్కువమంది ఒప్పుకున్న మాటకు ఎక్కువ చోటు, కొద్దిమంది అన్నదానికి కొద్ది చోటు, ఎవరూ అననిదానికి చోటే లేదు. రెండు వాదాలకూ పెద్ద పండితులుంటే రెండూ పేర్లతో సహా చెప్పాలి.

నా వాక్యం పోయింది. రాయల కొలువులో తెలుగు సాహిత్యం వికసించిన తీరు మీద ఇంకొకరు మూలంతో రాసిన వాక్యం నిలిచింది. దాని పక్కనే కన్నడంలో తిమ్మణ్ణకవి కుమారవ్యాసుని భారతాన్ని పూరించిన సంగతీ ఉంది. ఆ పక్కన వంశం పేరే తుళువ కాబట్టి తుళునాటి ప్రసక్తీ ఉంది. పట్టాభిషేక సందర్భంగా హంపి విరూపాక్షాలయంలో వేయించిన శాసనం సంస్కృత కన్నడాలలో ఉంటే, సింహాచలంలో 1516 నాటిది తెలుగులో ఉంది. తిరుమల శాసనాల్లో తమిళమూ ఉంది. బంగారు వరహాల మీద పేరు నాగరి లిపిలో ఉంది. ఇన్ని భాషల్లో మాట్లాడిన రాజును ఒక్క భాషకు కట్టివేయబోయిన నేను, నా ఎదుటి పక్షంవారు, ఇద్దరమూ ఆయన కొలువును కురచ చేస్తున్నామని అప్పుడు తట్టింది.

2022లో తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళిలో ఒక కన్నడ శాసనం వెలుగులోకి వచ్చింది. 1529 అక్టోబరు 17న కృష్ణదేవరాయలు కాలం చేశారని అందులో ఉంది. చరిత్రకు చాలా విలువైన ఆధారం. పత్రికల్లో వచ్చిన రోజే మా కాఫీ హోటల్లో తగవు మొదలైంది. శాసనం కన్నడంలో ఉంది గనుక తేలిపోయిందని ఒకరు, సింహాచలం మాటేమిటని మరొకరు. శాసనం ఆ ఊరి జనానికి అర్థమయ్యే భాషలో వేస్తారు. అది చెప్పేది చనిపోయిన తేదీ. ఆయన తల్లి ఆయనతో ఏ భాషలో మాట్లాడిందో చెప్పదు. నియమాల ప్రకారం ఆ శాసనం నుంచి తేదీ తీసుకోవచ్చు, అంతకు మించి లాగకూడదు.

ఇక తగవు ఎలా తీరుస్తారో చూద్దాం. మొదట ఇద్దరూ చర్చాపేజీలో మాట్లాడుకోవాలి. ఇద్దరే అయితే సంబంధం లేని మూడో మనిషిని పిలవవచ్చు. అప్పటికీ తెగకపోతే బహిరంగంగా అభిప్రాయాలు అడుగుతారు; మామూలుగా అది ఒక నెల నడుస్తుంది. చివర ఆ గొడవలో తలదూర్చని సంపాదకుడొకరు అంతా చదివి సారం తేలుస్తాడు. చేతులు లెక్కపెట్టడు. పదిమంది ఒకే మాట అరిచినా మూలం చూపిన ఒక్కడి మాటకు బరువెక్కువ. అన్నిటికన్నా పైన మధ్యవర్తుల సంఘం ఉంది. చిత్రమేమిటంటే అది చరిత్ర మీద తీర్పు చెప్పదు. ఎవరు మర్యాద తప్పారు, ఎవరు దొంగ పేర్లతో ఇద్దరు ముగ్గురుగా వచ్చి వాదించారు అన్నది మాత్రమే విచారిస్తుంది. మన ఊరి పెద్దమనుషుల పంచాయితీ గట్టు ఎవరిదో తేల్చేది. ఈ పంచాయితీ గట్టు జోలికి పోదు, గట్టు మీద కొట్టుకున్నవాళ్ళ సంగతి చూస్తుంది. భారత, పాకిస్తాన్ విషయాల మీద 2007లో, దక్షిణాసియా కులాల విషయంలో 2012లో ప్రత్యేక నిబంధనలు పెట్టవలసి వచ్చిందంటే అక్కడ వేడి ఎంతుందో మీరే ఊహించండి. కులాల వ్యాసాల విషయంలో థర్‌స్టన్ వంటి బ్రిటిషు కాలపు అధికారుల వర్ణనలను నమ్మదగిన మూలాలుగా తీసుకోవద్దన్న మాట కూడా ఆ గొడవల్లోంచే స్థిరపడింది. మా చిన్నతనంలో థర్‌స్టన్ అన్నాడంటే వేదవాక్కు!

వీళ్ళు తెగని తగవును ఎలా పక్కన పెడతారో చెప్పడానికి ఒక చిన్న ఉదాహరణ. ఇంగ్లీషు వ్యాసాల మొదట్లో రాజు పేరునో ఊరి పేరునో భారతీయ లిపిలో కూడా రాసేవారు. ఏ లిపిలో? బళ్ళారికి కన్నడం ఒక్కటే చాలా, తెలుగు కూడా ఉండాలా? రాయలకు ఏది ముందు, ఏది వెనుక? ఒకరు తెలుగు పెడితే మరొకరు కన్నడం పైకి జరిపేవారు, ఇంకొకరు తమిళం, నాగరి చేర్చేవారు. వాటిలో తప్పులు దొర్లితే ఆ లిపి రానివారికి తెలిసేది కాదు. 2012లో బహిరంగ చర్చ పెట్టి, భారత సంబంధమైన వ్యాసాల తొలి పరిచయంలో భారతీయ లిపులు వాడకుండా ఉందామని నిర్ణయించారు. పోట్లాడుకునే పిల్లల దగ్గర బొమ్మ లాగేసుకుని అటక మీద పెట్టినట్టన్నమాట. నాకైతే మనసు నొచ్చింది. మన ఊరి పేరు మన లిపిలో లేకపోతే ఏదో వెలితి. కాని రోజూ ఆ తగవు తీర్చలేక విసిగినవారి బాధా అర్థమైంది. ఆ నిర్ణయం నాకింకా నచ్చలేదు. అంతకన్నా మంచి ఉపాయమూ నా దగ్గర లేదు.

మహారాష్ట్రలోని మనవారికి, ముఖ్యంగా షోలాపూరు, ముంబయి శ్రోతలకు, శాతవాహనుల తగవు పరిచయమే అయి ఉంటుంది. పురాణాలు వారిని ఆంధ్రులన్నాయి. వారి సొంత శాసనాలు మాత్రం శాతవాహనులనే అంటాయి, ఆంధ్రులమని ఎక్కడా అనవు. తొలినాటి ముఖ్య శాసనాలు నానాఘాట్, నాసిక్‌లలో ఉన్నాయి. రాజధాని ప్రతిష్ఠానం నేటి పైఠణ్. కనుక మావారని మరాఠీవారి మాట. తెలంగాణలోని కోటిలింగాలలో తొలి రాజు పేరున్న నాణేలు దొరికాయి గనుక మావారని మన మాట. మధ్యలో మా బళ్ళారి ఒకటుంది. పాత బళ్ళారి జిల్లా ఆదోని ప్రాంతపు మ్యాకదోని శాసనంలో సాతవాహనిహారం అనే సీమ పేరుంది. దాన్ని ఆధారం చేసుకుని సుక్తంకర్ అనే పండితుడు శాతవాహనుల మొదటి ఇల్లు బళ్ళారి వైపే అన్నాడు. ఇటీవలి దశాబ్దాల్లో కలబురిగి జిల్లా కనగనహళ్ళి తవ్వకాల్లో శాతవాహన రాజుల శిల్పాలు పేర్లతో సహా బయటపడ్డాయి. వారి శాసనాల భాష తెలుగు కాదు, కన్నడం కాదు, నేటి మరాఠీ కాదు, ప్రాకృతం. ఈ వ్యాసంలో సంపాదకులు చేసిన మేలు ఏమిటంటే, ఆంధ్రమని, మహారాష్ట్రమని, కర్ణాటకమని ఎవరు ఏ ఆధారంతో అన్నారో వరసగా పెట్టారు. చదివినవాడికి తీర్పు దొరకదు, ఆధారాల జాబితా దొరుకుతుంది. మా అమ్మాయికి ఇది నచ్చలేదు. "పరీక్షలో ఏం రాయాల తాతా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తమిళనాట మనవారి తగవు వేరు. మధుర, తంజావూరు నాయకరాజుల కొలువుల్లో తెలుగు వెలిగింది. వారు కట్టిన మండపాలు తమిళ దేశపు సొత్తు. వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మూలాలున్న వంశంలో పుట్టాడు, 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరికంబమెక్కాడు, తమిళులు వీరుడని గుండెల్లో పెట్టుకున్నారు. ఇందులో ఏ వాక్యాన్ని చెరిపితే మిగతాది అబద్ధం కాకుండా నిలుస్తుంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కురిక్యాల శాసనం. కన్నడానికి ఆదికవి పంపడు. ఆయన ఉన్నది తెలంగాణలోని వేములవాడ చాళుక్యుల కొలువులో. ఆయన తమ్ముడు జినవల్లభుడు పాత కరీంనగర్ జిల్లాలో గంగాధరం దగ్గర బొమ్మలగుట్ట మీద, పదో శతాబ్దం నడుమ, ఒక శాసనం చెక్కించాడు. అందులో సంస్కృతం ఉంది, కన్నడం ఉంది, తెలుగు కందపద్యాలు మూడు ఉన్నాయి. ఈ కుటుంబం వేంగి సీమ నుంచి వచ్చినదని కూడా ఆ రాయే చెబుతుంది. తెలుగు ఛందస్సు ప్రాచీనతకు ఆ కందాలు మనకు పెద్ద దిక్కు. 2008లో తెలుగు, కన్నడాలకు ఒకేసారి ప్రాచీన హోదా ఇచ్చారు. అన్న కన్నడ ఆదికవి, తమ్ముడు తెలుగు కందాలు చెక్కించినవాడు. ఒక్క బండ. దాన్ని ఎటు లాగినా రెండో భాష వెంట వస్తుంది.

ఇంతవరకూ చెప్పినది విని, అంతా సవ్యంగా ఉందని అనుకోకండి. లోపాలు బోలెడున్నాయి. ఓపిక, తీరిక ఎక్కువున్నవాడిదే పైచేయి అయ్యే రోజులుంటాయి. ఇంగ్లీషు పుస్తకాలు సులువుగా దొరుకుతాయి గనుక అవే ఎక్కువగా మూలాలవుతాయి. తెలుగు, కన్నడ పుస్తకాలను మూలాలుగా ఇవ్వకూడదని నియమమేమీ లేదు, ఇవ్వవచ్చు. కాని ఇచ్చినది నిజమో కాదో సరిచూడాలంటే ఆ భాష వచ్చినవాడుండాలి. రెండు భాషలూ చదవగలవారు ఎవరు? బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో ఉన్నవాళ్ళు. నేలటూరివారి వాదాన్నీ సాలెతూరువారి వాదాన్నీ పక్కపక్కన పెట్టి చదవగలిగిన మనమే పెరటిగుమ్మం దగ్గర కనిపించం. వీధిగుమ్మం దగ్గర మాత్రం మా రాజు అని కేక వేస్తాం. నేను వేశాను గదా! పైగా ఏ భాష వికీపీడియా దానిదే. ఒక భాషలో తేలిన మాట మరో భాషకు కట్టుబాటు కాదు. ఇంగ్లీషులో ఎదుటి పక్షంవాడు అడ్డం వస్తాడు. తెలుగులో రాసినదాన్ని కన్నడిగుడు చదవడు, కన్నడంలో రాసినదాన్ని తెలుగువాడు చదవడు. అడిగేవాడు లేనిచోట ఎవరికి నచ్చింది వారు రాసుకునే ప్రమాదముంది.

మరొక ప్రమాదం సంపాదకుల ఒంటి మీదికే వస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఛత్రపతి శంభాజీ మహారాజు వ్యాసంలోని కొన్ని మాటల మీద మహారాష్ట్రలో అలజడి రేగింది. ఆయన మీద తీసిన సినిమా ఆడుతున్న రోజులవి. సైబర్ పోలీసులు ఆ మాటలు తొలగించమని నోటీసు ఇచ్చి, తరువాత కొందరు సంపాదకుల మీద కేసు నమోదు చేశారు. ఆ మాటల మంచిచెడ్డలు ఇక్కడ ఎంచబోవడం లేదు. మూడున్నర శతాబ్దాల కిందటి రాజు గురించి పైసా పుచ్చుకోకుండా రాసేవాడు పోలీసు స్టేషను మెట్లు ఎక్కవలసి రావచ్చు అన్న సంగతి మాత్రం గమనించమంటున్నాను. పేరు దాచుకుని రాస్తారేమిటి, ధైర్యం లేదా అని నేనూ మొదట ఈసడించుకున్నాను. ఆ వార్త చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

మళ్ళీ మా పక్కింటి అమ్మాయి కథ. నేను దెబ్బతిని ఊరుకున్నాను గాని ఆ పిల్ల ఊరుకోలేదు. పక్క బెంచీ పిల్లను ఇంటికి పిలుచుకొచ్చింది. ఆ అమ్మాయి కన్నడం చదువుతుంది, ఈ అమ్మాయికి తెలుగు నేనే నేర్పాను. ఇద్దరూ నా పాత బీరువా ముందు కూర్చుని హంపి శాసనం గురించి ఒక కన్నడ పుస్తకంలో, సింహాచలం శాసనం గురించి ఒక తెలుగు పుస్తకంలో ఉన్న సంగతులు తీశారు. రాయలు ఏయే భాషల్లో శాసనాలు వేయించాడో ఒక్క వాక్యం తయారు చేశారు. వ్యాసంలో నేరుగా పెట్టలేదు. నా గతి చూశారు గదా! చర్చాపేజీలో పెట్టి, ఇది చేర్చవచ్చునా అని అడిగారు.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. వాక్యం బాగుంది, తెలుగు పుస్తకానికి పేజీ సంఖ్య ఇచ్చారు, కన్నడ పుస్తకానికి ఇవ్వలేదు, ఇవ్వండి అని.

నా దగ్గరున్న ప్రతికి ఆ పేజీల పై అంచులు చెదలు కొట్టేశాయి, అంకెలు లేవు. ఆదివారం గ్రంథాలయం తీయరు. సోమవారం బడి అయ్యాక ఇద్దరూ వెళ్తారట. కార్డు నాదే గనుక నన్నూ రమ్మన్నారు.

సెలవు.